టాకీసు తెర వెనక బాక్సులా, షోరూమ్ టవర్లా?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్పుకుంటా, తప్పుంటే సరిదిద్దండి. ఒంగోలు కొత్తపట్నం రోడ్డులో కొత్త ఇల్లు కట్టుకున్నారు. హాలు 24 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు శ్లాబు, కింద చీమకుర్తి గ్రానైటు. చెన్నైలో ఒక షోరూమ్‌లో 20 లక్షల టవర్ స్పీకర్లు విని వచ్చారు, అప్పట్నుంచి మనసు అక్కడే ఉంది. ఇంకోపక్క మీ పెదనాన్నగారి టాకీసు మూతపడ్డాక తెర వెనకుండే రెండు పెద్ద హారన్ బాక్సులు గోడౌన్‌లో గోతాల చాటున పడున్నాయి. నాన్నగారు నాదస్వరం వింటారు. మీకు ఇళయరాజా, బాలు పాటలు, అప్పుడప్పుడు జాజ్. కొత్తవి కొనాలా, పాతవి బాగుచేయించుకోవాలా, లేక బాగుచేయించడం దండగ ఖర్చా అని అడిగారు.

నాది కావలి. పదిహేనేళ్ల వయసులో మైకు సెట్టు షాపులో చేరా. ఆ తర్వాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల టాకీసుల్లో సౌండ్ మెకానిక్‌గా తిరిగా. టాకీసులు ఒక్కొక్కటే కల్యాణ మండపాలైపోయాక ఇంట్లోనే బల్ల వేసుకుని రిపేర్లు చేస్తున్నా. కాబట్టి హారన్ అంటే నాకు కాస్త పక్షపాతం ఉంది, ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవండి. అయితే ఖరీదైన కొత్త స్పీకర్లు కూడా ఈ పదేళ్లలో చాలామంది ఇళ్లలో విన్నా, కొన్ని నేనే సెట్ చేసిచ్చా.

జవాబు ముందే చెప్పేస్తా. లోపలి యూనిట్లు (శబ్దం పుట్టించే భాగాలు) బతికుంటే మీ హాలుకి ఆ పాత బాక్సులే. చచ్చిపోయి ఉంటే, లేదా మీరు హాల్లో కాకుండా పడగ్గదిలో వినేట్టయితే కొత్తవి. అవి కూడా షోరూమ్‌లో విన్న జతే కానక్కర్లేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మీ ఊరి పక్కనే ఉన్న కరవదితో మొదలుపెడదాం. షేక్ చిన మౌలానా గారు 1924లో పుట్టింది అక్కడే. తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, 1999లో పోయేదాకా ఆ నాదస్వరంతో దక్షిణాదిని ఏలారు. మీ నాన్నగారు వినేది బహుశా ఆయన్నే అయ్యుంటుంది. ఈసారి పెళ్లిలో మేళం వాళ్లు తీరిగ్గా ఉన్నప్పుడు అడిగి చూడండి, నాదస్వరం నోట్లో పెట్టుకునే పీకని విడిగా తీసి ఊదమని. కీచుమని పసిపిల్లల ఊదుడుబొమ్మలా ఉంటుంది, పది అడుగులు దాటితే ఎవరికీ పట్టదు. అదే పీకని గొట్టానికి తగిలించి, చివర విచ్చుకున్న గిన్నె ఉంచి ఊదితే వీధి చివర దాకా పెళ్లి కబురు పోతుంది. ఊదే మనిషి ఊపిరి అంతే, పీక అదే. మధ్యలో గొట్టం సన్నగా మొదలై వెడల్పవుతూ పోయింది, అంతే తేడా.

హారన్ స్పీకర్ చేసేదీ ఈ పనే. గాలి చాలా తేలిక, స్పీకర్ కోన్ (ముందుకీ వెనక్కీ కదిలే గరాటు) దానితో పోలిస్తే బరువు. బరువైన కోన్ తేలికైన గాలిని నేరుగా తోస్తే గాలి పక్కకి జారిపోతుంది, కరెంటులో చాలా భాగం కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) వేడికే ఖర్చవుతుంది. మామూలు డబ్బా స్పీకర్‌కి ఇచ్చిన పవర్‌లో ఒక శాతం అటూ ఇటుగా మాత్రమే శబ్దంగా బయటికొస్తుంది. అదే కోన్ ముందు హారన్ పెడితే దాని ఇరుకు గొంతులో గాలికి ఒత్తిడి దొరుకుతుంది, ఆ ఒత్తిడి మెల్లమెల్లగా విచ్చుకుంటూ గదిలోకి దిగుతుంది. ఒక శాతం కాస్తా పది, ఇరవై, మంచి డిజైన్ అయితే ఇంకా పై శాతాలకు పోతుంది.

మా చిన్నప్పుడు శ్రీరామనవమికి చింతచెట్టెక్కి గోనెతాడుతో మైకు గొట్టం కట్టేవాళ్లం. కింద ఉండేది చిన్న ఆంప్లిఫయర్, పక్కన లారీ బ్యాటరీ. రాత్రి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యం మొదలైందంటే అవతల ఊరి పొలాల్లో నీళ్లు కట్టే మనిషికి కూడా మాట మాట వినపడేది. గొట్టం మూతి ఎటు తిప్పితే అటు. ఒకసారి నేను పొరపాటున మూతిని గుడి వైపు కాకుండా కరణం గారి మిద్దె వైపు తిప్పి కట్టా. తెల్లారి నాకు దక్కిన సన్మానం ఇక్కడ రాయలేను.

ఇక చరిత్ర. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఇప్పుడు మనం చూసే కోన్ స్పీకర్‌కి రూపం ఇచ్చారు. కానీ అప్పటి వాల్వ్ ఆంప్లిఫయర్ల నుంచి వాట్లు రావడం గగనం. వెయ్యి మంది కూర్చునే టాకీసు నింపాలంటే హారన్ తప్ప దారి లేదు. 1945లో ఆల్టెక్ లాన్సింగ్ కంపెనీ ‘వాయిస్ ఆఫ్ ది థియేటర్’ పేరుతో ఒక వరస స్పీకర్లు తెచ్చింది. ప్రపంచంలో చాలా టాకీసులు వాటినో, వాటి పోలికలనో తెర వెనక పెట్టుకున్నాయి. మీరు పంపిన ఫొటోల్లో ఉన్నవి ఆ వరసలోని ఏ-7 పోలికే: నాలుగున్నర అడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, కింద 15 అంగుళాల వూఫర్ (బాస్, అంటే లోతైన శబ్దం పలికే స్పీకర్) ముందు చెక్కతో వంపు తిప్పిన హారన్, దాని పైన లోహపు హారన్. పేరు పలక లేదంటున్నారు కాబట్టి అసలువో, ఆ కొలతలు చూసి వడ్రంగులు చేసినవో ఇప్పుడే చెప్పలేం. మద్రాసులో చేయించుకొచ్చిన పెట్టెలు నా చేతిలో చాలానే పడ్డాయి. చెక్కపని మాత్రం అసలుదాన్ని మించిపోయినవి ఉన్నాయి.

1946లో పాల్ క్లిప్ష్ అని ఇంకొకాయన, ఆర్కన్సాలో హోప్ అనే చిన్న ఊళ్లో, ఇంకో తెలివైన పని చేశాడు. బాస్ హారన్‌ని మడతలు పెట్టి గది మూలలో కూర్చోబెట్టాడు. మూల గోడలే హారన్‌కి చివరి భాగం అవుతాయి. క్లిప్ష్‌హార్న్ అనే ఆ స్పీకర్ ఈనాటికీ తయారవుతోంది. దాని సెన్సిటివిటీ, అంటే ఒక్క వాట్ ఇస్తే ఎంత గట్టిగా పలుకుతుందన్నది, 105 డీబీ (డెసిబెల్స్, శబ్దం కొలత) అని కంపెనీ లెక్క.

తర్వాత 1954లో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన కథ తిప్పేశాడు. గాలి బయటికి పోకుండా బిగించిన చిన్న పెట్టెలో, లోపలి గాలినే స్ప్రింగులా వాడి, లోతైన బాస్ రప్పించాడు. దానికి వాట్లు బాగా కావాలి. ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు చవకయ్యాక ఎవరికీ అది బాధ కాలేదు. పట్నాల్లో ఇళ్లు ఇరుకవుతున్నాయి, బీరువా అంత పెట్టెలు హాల్లో పెడతానంటే ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోవడం లేదు. మీరు చెన్నైలో విన్న జత ఆ విల్చర్ చిన్నపెట్టె వంశంలోదే, ఎంత ఖరీదైనా.

ఇప్పుడు లెక్క చూద్దాం, దీంట్లోనే అసలు సంగతంతా ఉంది. కొత్త టవర్ 88 డీబీ అనుకుందాం, పాత బాక్సు 103 అనుకుందాం. తేడా 15 డీబీ. ప్రతి 3 డీబీకి పవర్ రెట్టింపు, 10 డీబీకి పది రెట్లు. అంటే పాత బాక్సు 1 వాట్‌తో చేసే పనికి కొత్త టవర్‌కి దాదాపు 32 వాట్లు కావాలి. ‘అయితే ఏంటండీ, 300 వాట్ల ఆంప్ కొంటా’ అంటారు. కొనొచ్చు. కానీ పాటలో డోలు దెబ్బ సగటు శబ్దం కంటే 20 డీబీ పైకి ఎగిరిందంటే ఆ క్షణానికి వంద రెట్ల పవర్ కావాలి. కొత్తదానికి సగటున 1 వాట్ పోతుంటే దెబ్బకి 100 వాట్లు. పాతదానికి మూడు చాలు.

ఆ వాట్లన్నీ ఎక్కడికి పోతాయి? వాయిస్ కాయిల్‌లోకి. రాగి తీగ వేడెక్కితే ప్రతి డిగ్రీకి నిరోధం 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. గట్టిగా, ఎక్కువసేపు వాయిస్తే కాయిల్ వేడి 100 డిగ్రీలు పెరగడం పెద్ద వింతేం కాదు, అప్పుడు నిరోధం 40 శాతం ఎక్కువ. ఆంప్ అదే వోల్టేజి ఇస్తున్నా స్పీకర్ తీసుకునేది తగ్గిపోతుంది. దెబ్బ దెబ్బలా కాక మెత్తని మొట్టికాయలా తగులుతుంది. హారన్‌లో కాయిల్ చల్లగా ఉంటుంది, డయాఫ్రమ్ (హారన్ వెనక కదిలే పల్చటి గిన్నె) వెంట్రుకవాసి కదులుతుంది. అందుకే హారన్ మీద తబలా విన్నవాళ్లు ‘ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టుంది’ అంటారు. అందులో మాయేమీ లేదు, స్పీకర్ ఆయాసపడటం లేదు అంతే.

అలాగని కొత్తవాళ్లు డబ్బు ఊరికే తీసుకుంటున్నారని అనుకోకండి. ఆ 20 లక్షల్లో కొంత భాగం దేనికో తెలుసా? పెట్టె నోరు మూయించడానికి. మీ ఇంట్లో మామూలు స్పీకర్ ఉంటే పాట వాయిస్తూ పక్కపలక మీద అరచేయి ఆనించండి, వణుకు తెలుస్తుంది. ఆ పలక కూడా ఒక స్పీకర్ లాగా తనకి తోచింది పాడుతోందన్నమాట. మ్యాజికో వాళ్లు దీనికోసం పెట్టెనే అల్యూమినియంతో చేస్తారు. విల్సన్ ఆడియో వాళ్లు రాయిలాంటి మిశ్రమ పదార్థాలు వాడతారు. బవర్స్ అండ్ విల్కిన్స్ వాళ్లు ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) గిన్నెకి కృత్రిమ వజ్రం, ఫోకల్ వాళ్లు బెరీలియం అనే లోహం వాడతారు. అంత గట్టిగా, అంత తేలిగ్గా ఉండే గిన్నె మన చెవి వినే హద్దు దాటేదాకా వంగకుండా కదులుతుంది. కెఫ్ కంపెనీ ట్వీటర్‌ని కోన్ మధ్యలోనే కూర్చోబెట్టి, శబ్దమంతా ఒక్క చోటు నుంచే వస్తున్నట్టు చేసింది. వీటన్నిటికీ తోడు కంప్యూటర్ లెక్కలు, కొలతలు. ఆ రోజుల్లో మీ బాక్సుని గీసినవాడి చేతిలో స్లైడ్ రూలు (లెక్కలకి వాడే జరిపే స్కేలు) మాత్రమే ఉంది.

ఇవన్నీ చెవికి తెలుస్తాయి. మంచి కొత్త స్పీకర్ మీద బాలు పాట పెడితే చరణానికి ముందు ఆయన తీసుకునే ఊపిరి, నవ్వు దాచుకుని పలికిన అక్షరం, వెనక ట్రయాంగిల్ మోత గదిలో ఎంతసేపు నిలిచిందో కూడా దొరుకుతాయి. పాత హారన్ ఈ సన్నపని దగ్గర మొరటు. వయొలిన్ల గుంపుని అది ఒక్క పెద్ద వయొలిన్‌గా చూపిస్తుంది. 15 వేల హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు, అంటే బాగా సన్నని శబ్దం) దాటాక దానికి ఓపిక లేదు. మీకు ఇళయరాజా వయొలిన్ వరసలు ప్రాణమైతే ఈ ఒక్క ముక్క దగ్గర ఆగి ఆలోచించండి.

హారన్‌కి పుట్టుకతో వచ్చిన ఇంకో జబ్బుంది. రెండు చేతులూ దోనెలా నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడి చూడండి. గొంతు దూరం పోతుంది కానీ, ‘ఔ... ఔ’ అన్న రంగు అంటుకుంటుంది. సరిగా చెయ్యని హారన్లన్నిటికీ ఆ రంగు ఉంటుంది. లోహపు హారన్ అయితే ఇంకో తంటా, వేలితో కొడితే గంటలా మోగుతుంది. బయటివైపు రూఫింగ్‌కి వాడే తారు షీటు అంటించి ఆ మోత చంపుతాం. ఆ పని చేశాక మీ బాక్సులు సగం మారిపోతాయి, ఖర్చు హోటల్ భోజనం అంత.

బాస్ సంగతి. 40 హెర్ట్జ్ శబ్దం అల పొడవు 28 అడుగులు. దాన్ని హారన్‌తోనే రప్పించాలంటే మూతి చుట్టుకొలత ఆ అల పొడవంత ఉండాలి, అంటే తొమ్మిది అడుగుల అడ్డకొలత గల మూతి. క్లిప్ష్ మూలలోకి పోయింది ఇందుకే. మీ బాక్సులో ముందున్న చెక్క హారన్ పొట్టిది, పై బాస్‌కి, గొంతులకి సాయం చేస్తుంది. ఆ కింద అది మామూలు రంధ్రం పెట్టె. 50 కిందికి దిగితే దాదాపు చేతులెత్తేస్తుంది. టాకీసులో ఇది లోటు కాలేదు, ఆనాటి సినిమా సౌండ్ ట్రాక్‌లోనే అంతకన్నా లోతు లేదు. ఇంట్లో మాత్రం కింద ఒక మంచి సబ్ వూఫర్ (అట్టడుగు బాస్‌కి విడిగా పెట్టే స్పీకర్) కలుపుకోవాలి. కొత్త టవర్లు ఈ లోతుని చిన్న చోట్లోనే ఇస్తాయి, ఆ ఘనత వాటిదే.

ఇక గది. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక డాక్టర్ గారు కొత్త టవర్లు కొని, ఇంటికొచ్చాక ఏడుపొక్కటే తక్కువగా నాకు ఫోన్ చేశారు. షోరూమ్‌లో వెల్వెట్‌లా ఉన్నవి ఇంట్లో ఇత్తడి పళ్లెంలా మోగుతున్నాయట. వెళ్లి హాలు మధ్య నిలబడి ఒక్క చప్పట కొట్టా. ‘టింగ్’మని అది గోడ నుంచి గోడకి నాలుగు సార్లు తిరిగింది. నేల పాలరాయి, ఎదురుగా గాజు తలుపులు, వెనక ఖాళీ గోడ. షోరూమ్‌లో కాళ్లు మునిగే తివాచీ, గోడలకి దిండ్లు ఉంటాయి. మనం డబ్బిచ్చి తెచ్చుకునేది స్పీకర్‌ని మాత్రమే, ఆ గదిని కాదు. డాక్టర్ గారింటికి మందపాటి తివాచీ, గాజుకి బరువైన కర్టెన్లు, వెనక గోడకి పుస్తకాల బీరువా పెట్టించా. స్పీకర్లని గోడ నుంచి మూడడుగులు ముందుకి జరిపా. ఒక్క కొత్త తీగ కూడా కొనకుండా ఆయన మొహంలో నవ్వొచ్చింది.

మీ హాలూ ఇంచుమించు ఆ తరహానే. గెలాక్సీ నల్ల గ్రానైటు చూడ్డానికి నక్షత్రాల ఆకాశంలా ఉంటుంది, శబ్దానికి మాత్రం అద్దం. హారన్‌కి ఇక్కడ ఒక సుగుణం ఉంది. శబ్దాన్ని మీవైపే పంపుతుంది, పక్కగోడలకీ పైకప్పుకీ తక్కువ పోనిస్తుంది. గుడి మైకు మూతి తిప్పిన కథ గుర్తుందిగా. మామూలు గుండ్రటి ట్వీటర్ అటూ ఇటూ వెదజల్లుతుంది. తివాచీ, కర్టెన్లు ఉన్న గదిలో అది మంచిదే, విశాలంగా వినిపిస్తుంది. ఖాళీ గ్రానైటు హాల్లో అదే శాపం.

బాస్‌కి మీ హాలు కొలతలు వేసి చూశా. పొడవు వల్ల 24 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ 47 దగ్గర, వెడల్పు వల్ల 38 దగ్గర, ఎత్తు వల్ల 56 దగ్గర గది తనంతట తాను మోగుతుంది. 24 దాకా దిగే లగ్జరీ టవర్ వీటన్నిటినీ నిద్రలేపుతుంది. సబ్ వూఫర్ విడిగా ఉంటే దాన్ని జరిపి, గొంతు తగ్గించి సర్దుకోవచ్చు. టవర్‌లోని బాస్‌ని జరపాలంటే పాటనంతా జరపాలి.

మనూళ్ల గాలి సంగతి కూడా రాయాలి. షోరూమ్ వాళ్లు చెప్పనిది ఇదే. కొత్తపట్నం వైపు నుంచి సముద్రపు గాలి మీ ఇంటికి తిన్నగా వస్తుంది. ఉప్పు, తేమ. పాతికేళ్ల కిందట నేనే ముచ్చటపడి ఫోమ్ అంచున్న స్పీకర్లు కొన్నా. పన్నెండో ఏడాది ఒకరోజు గుడ్డతో తుడుస్తుంటే ఆ అంచు మైసూర్‌పాక్ పొడిలా చేతికొచ్చింది. తేమకి ఫోమ్ అంతే. టాకీసు వూఫర్లకి అంచు గుడ్డతోనో కాగితం మడతతోనో ఉంటుంది, మనవళ్ల కాలం దాకా ఉంటుంది. రబ్బరు అంచూ నమ్మదగిందే. కొత్తవి కొంటే ముందు ఆ అంచు ఏంటో అడగండి. బెరీలియం ట్వీటర్ అయితే జాలీ ఊడిపోకుండా చూసుకోండి, పిల్లల వేలు తగిలి గిన్నె పగిలితే ఆ ముక్కలు, పొడి ఒంటికి మంచివి కావు, ఊపిరితో పోకూడదు.

పాత హారన్ యూనిట్లకి ఉప్పుగాలి వేరే రకంగా దెబ్బకొడుతుంది. మొన్నామధ్య ఒక మూతపడ్డ టాకీసు యూనిట్ తెచ్చారు. వెనక మూత మరలు విప్పి తీస్తే, లోపల అరచేతిలో పట్టే అల్యూమినియం డయాఫ్రమ్. ఒకప్పుడు వెండి గిన్నెలా ఉండి ఉంటుంది. దాని మీద సున్నం చల్లినట్టు తెల్లటి బూజు, ముట్టుకుంటే రాలుతోంది. అంచు దగ్గర సూదిమొన అంత చిల్లు. కాయిల్ తిరిగే సన్నని సందులో తుప్పు పొడి. ఆ సందుని సెలోటేపు మడతపెట్టి, జిగురువైపు బయటికి ఉంచి, చుట్టూ తిప్పి తిప్పి శుభ్రం చేశా. తుప్పు అయస్కాంతాన్ని వదలదు కాబట్టి ఊదితే పోదు, దారం అంత సన్నటి పనితోనే పోతుంది. ఒక పూట పట్టింది. డయాఫ్రమ్ కొత్తది వేశాం. ఆల్టెక్ కొలతలకి సరిపోయే డయాఫ్రమ్‌లు ఈనాటికీ దొరుకుతున్నాయి. నలభై, యాభై ఏళ్లు దాటిన ఒక వస్తువుకి విడిభాగం దొరకడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. మీరు చూసిన లగ్జరీ టవర్ ట్వీటర్ ముప్పై ఏళ్ల తర్వాత ఎవరిస్తారో మీరే ఆలోచించండి.

ఆంప్లిఫయర్ గురించి మీరు అడగలేదు గానీ ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 103 డీబీ స్పీకర్‌కి ఆంప్‌లోని చిన్న ‘స్స్’ కూడా వినపడుతుంది, 88 డీబీ దాని మీద అది దాక్కుంటుంది. ఇన్వర్టర్ చవకరకందైతే కరెంటు పోగానే హారన్లోంచి తుమ్మెద దూరినట్టు మోత. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ పెట్టుకోండి. పాత హారన్లకి 8 వాట్ల వాల్వ్ ఆంప్ జోడీ అని రాసేవాళ్లు ఉన్నారు. వినడానికి నిజంగానే బాగుంటుంది. అయితే రోహిణీ కార్తెలో ఒంగోలు హాల్లో ఆ కుంపటి పక్కన కూర్చుని ఒక రాగం పూర్తిగా విన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. శుభ్రమైన 30 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్ మీకు చాలు. కొత్త టవర్లకైతే లెక్క వేరు. 8 ఓమ్స్ (నిరోధం కొలత) అని రాసున్నా కొన్ని స్వరాల దగ్గర 3 ఓమ్స్ దాకా దిగేవి ఉన్నాయి, అక్కడ తడబడని బరువైన ఆంప్ కావాలి. ఆ ఖర్చు 20 లక్షల పైన. షోరూమ్‌లో వాళ్లు ఏ ఆంప్‌తో వినిపించారో కనుక్కున్నారా?

మీరు నా బల్ల దగ్గరికొచ్చి అడిగితే ఏం చెప్తానో అదే రాస్తున్నా. ముందు యూనిట్లని మీటర్‌తో చూడండి. 16 ఓమ్స్ అని రాసుంటే మీటర్లో దానికంటే తక్కువ చూపిస్తుంది, 10, 13 మధ్య ఉంటే కాయిల్ బతికున్నట్టే. అసలు కదలకపోతే తీగ తెగింది. వూఫర్‌కి ఒక టార్చి బ్యాటరీ క్షణం పాటు తగిలించి కోన్ ముందుకొచ్చిందా లోపలికి పోయిందా చూసి, రెండు బాక్సులూ ఒకే తీరులో ఉండేట్టు కలపండి. కొన్ని పాత జేబీఎల్ వూఫర్లలో ఎర్ర టెర్మినల్‌కి ప్లస్ ఇస్తే కోన్ లోపలికి పోతుంది, మెకానిక్ తప్పు చేశాడని కంగారుపడొద్దు. పైనున్న చిన్న యూనిట్‌కి మాత్రం బ్యాటరీ పెట్టొద్దు, డయాఫ్రమ్ నాజూకు. క్రాసోవర్‌లోని (పాటని వూఫర్‌కీ హారన్‌కీ పంచే సర్క్యూట్) పాత కెపాసిటర్లు కొలవకుండానే మార్చేయండి. నూనె కారుతున్న డబ్బా కెపాసిటర్ ఉంటే ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, పాతవాటిలో కొన్నిట్లో విషపు నూనె వాడారు.

ఇవి బాగుంటే, బాక్సుల్ని 15 అడుగుల గోడ వైపు పెట్టి మీరు 14, 15 అడుగుల దూరంలో కూర్చోండి. దగ్గరైతే వూఫర్ ఒకచోట, హారన్ ఒకచోట విడివిడిగా వినిపిస్తాయి, పాటగాడి ఛాతీ కింద, నోరు పైన ఉన్నట్టు. దూరం పోతే రెండూ కలిసిపోతాయి. 24 అడుగుల హాలు మీకుంది కాబట్టే ఈ సలహా ఇస్తున్నా. హైదరాబాద్ ఫ్లాట్‌లో ఉన్నవాళ్లు అడిగితే ‘అమ్మేసి హాయిగా కొత్తవి కొనుక్కో బాబూ’ అనేవాణ్ణి. నేల మీద తివాచీ, కింద సబ్ వూఫర్, మంచి ఆంప్, అన్నీ కలిపినా మీ 20 లక్షల్లో చిన్న ముక్క.

అయినా మనసు కొత్తవాటి మీదే ఉంటే తప్పేం లేదు. ఒక్క షరతు. షోరూమ్ వాళ్లని రెండ్రోజులు మీ ఇంట్లో పెట్టి వినిపించమనండి. ఆ ధర వస్తువుకి అది అడగరానిదేం కాదు. ఒప్పుకోకపోతే కొనొద్దు. వచ్చినప్పుడు వాళ్లు తెచ్చే ఆడపాట, గిటారు డిస్కు పక్కన పెట్టండి, వాటిమీద అన్ని స్పీకర్లూ బాగుంటాయి. చిన మౌలానా గారి కచేరీ పెట్టి, తని ఆవర్తనంలో డోలు విజృంభించే దాకా, పెళ్లిలో ఎంత గట్టిగా ఉంటుందో అంత గట్టిగా పెట్టండి. నాన్నగారిని కూర్చోబెట్టి మీరు పక్క గదిలోకి వెళ్లండి. తలుపు అవతల నుంచి వింటే, లోపల మేళం నిజంగా కూర్చుందా, టేపు ఆడుతోందా అన్నది ఒక్క నిమిషంలో తెలుస్తుంది. నేను నలభై ఏళ్లుగా చేసే పరీక్ష ఇదొక్కటే. ఆ తర్వాత బాలు పాట తక్కువ గొంతులో పెట్టి, కుర్చీలో కూర్చుని వినండి. మొదటి పరీక్షలో మీ పాత బాక్సులు గెలుస్తాయి, రెండో దాంట్లో కొత్తవి. మీ ఇంట్లో రోజూ జరిగేది ఏ రకం వినికిడో మీకే తెలుసు.

బాక్సులు గోడౌన్ నుంచి కదిలించే ముందు వెనక పలక విప్పి, టార్చి వేసి చూడండి. ఎలుకలు కోన్ కాగితం కొరికి గూడు కట్టుకుని ఉండొచ్చు. నాకొకసారి వూఫర్ వెనక నిలువెత్తు పాము కుబుసం దొరికింది. పాము ఎక్కడుందో చూసుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టుకున్నా.